జబ్బు తగ్గాక చేతికి పని: ప్రొద్దుటూరు చెల్లెలికి జవాబు

చెల్లెమ్మా,

నువ్వు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టి, మగ్గం వర్క్ చేసి ఇల్లు నడిపినదానివి. రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషను, కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్) అన్నీ అయిపోయాయి, రిపోర్టులు బాగున్నాయన్నారు. చెయ్యి వాస్తోందని ఇంట్లోవాళ్లు మిషను అమ్మేశారు. బతికి బయటపడ్డావు, అదృష్టవంతురాలివి అని అందరూ అంటుంటే నీకు మాత్రం పొద్దున లేచి ఏం చెయ్యాలో తోచడం లేదు. ఎవరో బొమ్మలు వెయ్యమన్నారు. "నాకు డ్రాయింగే రాదక్కా, ఇవి ఊరికే ఓదార్చడానికి చెప్పే మాటలా, లేక ఇందులో నిజం ఏమైనా ఉందా?" అని అడిగావు.

నేను అనంతపురంలో గవర్నమెంటు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. ఇదే జబ్బు నాకూ వచ్చింది, ఇంచుమించు ఇదే వరసలో వైద్యమూ జరిగింది. అందుకే చనువుగా నువ్వు అంటున్నా, ఏమనుకోవద్దు.

బొమ్మలు జబ్బును తగ్గించవు. ఇది ముందే చెప్పకపోతే మిగతాదంతా దండగ. రంగులతో క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయని, ఫలానా 'మండల' అనే గుండ్రటి బొమ్మ గీస్తే ఒంట్లో శక్తి తిరుగుతుందని ఫోన్లో వీడియోలు పెట్టి వేలకు వేలు ఫీజు అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నీకు రోజూ వేసుకొమ్మని హార్మోను మాత్ర ఇచ్చి ఉంటే అది మానొద్దు. ఐదేళ్లన్నా పదేళ్లన్నా డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకోవాల్సిందే. ఏడాదికోసారి చేసే మామోగ్రామ్ తప్పొద్దు. అది వైద్యం, బొమ్మలు వైద్యం కాదు. అలాగని బొమ్మలవి ఉత్త కబుర్లూ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఒక పెద్ద నివేదిక వేసింది. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000 పైచిలుకు అధ్యయనాలను పోగేసి చూశారు. ఆందోళన తగ్గడం, మనిషి మళ్లీ నలుగురిలో కలవడం, చికిత్సలో పడే బాధను కాస్త తేలిగ్గా ఓర్చుకోవడం, ఇలాంటి వాటికి కళలు పనికొస్తాయని అందులో ఉంది. జబ్బు పోతుందని లేదు.

ఇక నీ అసలు సంగతి. చికిత్స జరిగినన్నాళ్లూ మనకు ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది. ఫలానా తేదీకి రక్త పరీక్ష, ఫలానా తేదీకి కీమో, ఎవరు తోడు రావాలి, ఏ బస్సుకు పోవాలి, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఎవరిని కలవాలి. బాధ ఉన్నా, పొద్దున లేవడానికి ఒక కారణమూ ఉంటుంది. కరెంటు పెట్టడం అయిపోయిన మర్నాడు ఇవేవీ ఉండవు. చూడవచ్చే చుట్టాలూ ఆగిపోతారు. బాగైపోయింది కదా అని ఎవరి పనిలో వాళ్లు పడతారు. నువ్వొక్కదానివే ఇంట్లో మిగిలిపోతావు, అదీ నిన్నటిదాకా ఇల్లు నడిపిన చేతులు ఒళ్లో పెట్టుకొని. నీకొచ్చిన దిగులు అక్కడిది. నీ మనసులో ఏదో లోపం ఉందని అనుకోవద్దు.

ఈ దిగులుకు బొమ్మలు ఎట్లా పనికొస్తాయన్న దగ్గరే నాకు చాలామందితో పేచీ. "నీ బాధను కాగితం మీద పెట్టు, మనసు తేలికవుతుంది" అంటారు. కొందరికి అవుతుందేమో. నాకు కాలేదు. బాధను గీస్తే బాధ బొమ్మ వచ్చింది, అంతే, అది చూసి ఇంకాసేపు ఏడ్చాను. నన్ను లేపి నిలబెట్టింది వేరు. మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. అక్కడి టీచరు ఒకరోజు ఇంటికొచ్చి, "మేడం, గోడలు సున్నం కొట్టించినాము, పిల్లోళ్లకు నాలుగు జంతువుల బొమ్మలు కావల్ల" అంది. నా ఆరోగ్యం సంగతి అడగనే లేదు. పదిహేనో తేదీకి కావాలి, సూపర్‌వైజర్ వస్తుంది అంది. నాకు తెగ కోపం వచ్చింది. కానీ మర్నాడు పొద్దున్నే లేచి, పాత బ్రష్షులు ఎక్కడున్నాయో వెతికాను.

ఆపరేషను అయిన వైపు చెయ్యి భుజం కంటే పైకి లేచేది కాదు. నిచ్చెన ఎక్కే మాటే లేదు. గోడకు ముక్కాలి పీట వేసుకొని కూర్చుని, నా చెయ్యి ఎంతవరకు పోతే అంతవరకే గీసుకుంటూ పోయాను. ఏనుగు, మేక, ఉడుత, తాబేలు, అన్నీ గోడ కింది సగంలోనే వచ్చాయి. పై సగం ఖాళీ. చూడ్డానికి అదోలా ఉందని నేనే సంకోచపడ్డాను. పిల్లలు వచ్చి చూస్తే, బొమ్మలన్నీ సరిగ్గా వాళ్ల కళ్ల ఎత్తులో ఉన్నాయి. ఒకడు ఉడుత తోక పట్టుకొని లాగుతున్నాడు, ఊడి వస్తుందేమోనని. అంతకు ముందు నేను స్కూళ్లలో ఎన్ని గోడలు వేశానో, అన్నీ పెద్దవాళ్ల ఎత్తుకే వేశాను. ఆ తర్వాత పక్క ఊరి అంగన్‌వాడీ టీచరూ అడిగింది.

అందుకే నీకు నా జవాబు ఒకటే. బొమ్మ ఎట్లా వెయ్యాలి, ఏ రంగు కొనాలి అన్నవి తర్వాతి మాటలు. ముందు, నీ చేత్తో చేసినదాని కోసం ఎదురుచూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి ఒక తేదీ ఉండాలి. మెచ్చుకునేవాళ్లతో పని జరగదు. "అయిందా?" అని అడిగేవాళ్లు కావాలి.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకు. ఫ్రాన్స్ చిత్రకారుడు మతీస్ పేరు వినే ఉంటావు, వినకపోయినా ఫరవాలేదు. 1941లో పేగు క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషను జరిగింది, అప్పటికి 71 ఏళ్లు. తర్వాత ఎక్కువకాలం మంచం మీదా చక్రాల కుర్చీలోనే. నిలబడి కాన్వాసు ముందు పని చెయ్యలేక కత్తెర పట్టుకున్నాడు. పనివాళ్లు కాగితాలకు రంగులు పూసి ఇస్తే, వాటిని ఆకులుగా, చేపలుగా, మనుషులుగా కత్తిరించేవాడు. ఆ కత్తిరింపులే ఆయనకు కొత్త పేరు తెచ్చాయి. ఈ కథను అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. నాకు నచ్చేది దీని తర్వాతి భాగం. 1942లో ఆయనకు సేవ చేసిన నర్సు ఒకమ్మాయి తర్వాత క్రైస్తవ సన్యాసిని అయింది. వాన్స్ అనే ఊళ్లో తమకు ప్రార్థనా మందిరం కట్టాలనుకుంటున్నామని ఆయనతో చెప్పింది. నాలుగేళ్ల పాటు ఆ ముసలాయన దాని మీదే కూర్చున్నాడు. పొడవాటి వెదురు కర్రకు బొగ్గు కట్టి గోడ బొమ్మలకు గీతలు గీశాడు. 1951లో అది పూర్తయింది. సేవ చేసిన పిల్ల అడిగింది, చేసిచ్చాడు.

ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడిదీ ఇలాంటిదే. 1938లో క్షయ వచ్చి, మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో పడ్డాడు. పొద్దుపోక మంచం పక్కనున్న వస్తువులు గీసుకున్నాడు. తర్వాత పక్క మంచాలవాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. కళతో చికిత్స అని ఇప్పుడు ఆస్పత్రుల్లో వినపడే మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. తాను గీసుకున్న రోజుల కంటే పక్కవాళ్లకు నేర్పిన రోజుల వల్లే అది ఒక పనిగా నిలబడిందని నా నమ్మకం.

ఇప్పుడు "డ్రాయింగ్ రాదు" అన్న నీ మాటకు వస్తా. రాదని ఎవరు చెప్పారు నీకు? మగ్గం వర్క్ చేసినదానివి. బట్ట మీదికి డిజైను ఎట్లా దించేదానివో ఒకసారి గుర్తు తెచ్చుకో. ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో నెమలో, మామిడిపిందో, తీగో గీస్తావు. ఆ గీత వెంబడి సూదితో సన్నగా చుక్కలు పొడుస్తావు. కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దితే చుక్కల్లోంచి డిజైను కిందికి దిగుతుంది. మెడ వంపుకు తీగ ఎక్కడ తిరగాలి, చేతి అంచులో నెమలి ఎంత సైజుంటే కుట్టుకు చోటు ఉంటుంది, రెండు వైపులా సరిగ్గా అద్దంలో చూసినట్టు రావాలంటే కాగితం ఎక్కడ మడవాలి, ఇవన్నీ నీ వేళ్లకు తెలుసు. మా స్కూల్లో పదో తరగతి వరకు నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న పిల్లల్లో సగం మందికి ఈ లెక్క రాదు.

వీలైతే ఒకసారి నిమ్మలకుంటకు పోయిరా. ధర్మవరం పక్కనే. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చారు. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెడితే వెలుతురు అటునుంచి ఇటు కనపడేంత పలచనవుతుంది. దాని మీద నల్లగీత గీసి, చిన్న ఉలి పెట్టి సుత్తితో కొడుతూ రంధ్రాలు పెడతారు. ఒక వడ్డాణానికి గుండ్రటివి ఒక వరస, నెలవంకలవి ఒక వరస, మధ్యలో పలకల ఆకారంవి. చేతిలో పట్టుకొని చూస్తే వట్టి చిల్లులు. వెనక దీపం పెట్టగానే సీతమ్మ మెడలో నగలు మెరుస్తాయి. మంచం మీద కూర్చున్న ఒక పెద్దామె ఆ చిల్లులు పొడుస్తూ, గీత వంక చూడకుండానే నాతో మాట్లాడింది. ఉలి మాత్రం గీత దాటలేదు. నువ్వు సూదితో పొడిచిన చుక్కలూ అదే జాతి పని.

ఇంకో సంగతి కూడా ఆ ఊళ్లో చూస్తావు. రాత్రంతా రామాయణం ఆడించే ఆటకు గిరాకీ తగ్గిపోయింది. ఆడించేవాళ్లు ఏడుస్తూ కూర్చోకుండా అదే తోలు, అదే ఉలి, అదే రంగులతో లాంతరు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. పాత పని పోయిందని చెయ్యి పోలేదు. ఇది నిన్ను ఉద్దేశించే రాస్తున్నా.

లేపాక్షి కూడా ఆ జిల్లాలోనే. 16వ శతాబ్దపు గుడి. పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న చీరల అంచులు చూడు. చారలు, గళ్లు, పూలు, ఒక్కో చీరది ఒక్కో రకం. ఫోన్లో ఫొటోలు తీసుకో. మెడ నొప్పి పుడుతుంది, మధ్య మధ్య కూర్చో. జాకెట్టు డిజైన్లకు ఇంతకంటే మంచి పుస్తకం డబ్బు పెట్టినా దొరకదు.

చేతి జాగ్రత్తలు. ఇవి నేను డాక్టరుగా చెప్పడం లేదు. నీ ఫిజియోథెరపీ వాళ్లను అడిగే చెయ్యి. చంకలో గ్రంథులు తీసేసినప్పుడు ఆ చేతిలోని నీరు పైకి పోయే దారి తగ్గుతుంది, అందుకే వాపు. ఆ చెయ్యి అసలు కదల్చొద్దు అనేది పాత మాట. నెమ్మదిగా, కొంచెం కొంచెం పెంచుకుంటూ వాడితే మంచిదే అని ఇప్పుడు చెబుతున్నారు. మనం చేసే తప్పల్లా, మొదటి రోజే హుషారొచ్చి నాలుగు గంటలు కూర్చోవడం. అరగంటకు లేచి, చెయ్యి పైకెత్తి, పిడికిలి మూసి తెరువు. వాపుకు చేతికి తొడిగే బిగుతు స్లీవ్ రాసిచ్చి ఉంటే పనిలో వేసుకో. ఉక్కపోత, మన ఎండలకు దాన్ని విసిరికొట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు. ఆ చేతికి సూది గుచ్చుకోకుండా, కోసుకోకుండా, కాలకుండా చూసుకో. చిన్న గాయంలోంచి కూడా ఇన్‌ఫెక్షన్ తొందరగా పాకుతుంది. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి పో.

కీమోలో కొన్ని మందులకు వేళ్ల కొసలు మొద్దుబారతాయి. నీకూ అట్లా ఉంటే సన్న బ్రష్షు, సన్న పెన్సిలు చేతిలో నిలవవు. సైకిలు హ్యాండిలుకు వేసే రబ్బరు గ్రిప్పు కొని, అందులో పెన్సిలు దూర్చి గుడ్డ కుక్కు. బిగించి పట్టాల్సిన పని తగ్గుతుంది. స్పర్శ సరిగా తెలియని వేళ్లతో బ్లేడూ, వేడి జిగురు గన్నూ ముట్టుకోవద్దు. రంగుల్లో నీళ్లతో కలిపేవి వాడు. టర్పెంటైన్ వాసన నాకైతే కీమో రోజులు గుర్తు తెచ్చి కడుపులో తిప్పేది, ఆయిల్ రంగులు డబ్బాతో సహా ఒకమ్మాయికి ఇచ్చేశాను.

ముగ్గును తక్కువ చూడొద్దు. కీమో తర్వాత కొన్నాళ్లు మతిమరుపు, లెక్క తప్పడం ఉంటుంది, భయపడొద్దు. ఆ రోజుల్లో నాకు పుస్తకం చదివితే ఒక పేజీ దాటేది కాదు. పదిహేను చుక్కల ముగ్గులో మాత్రం పట్టు దొరికింది, ఎందుకంటే ఎక్కడ తప్పానో ముగ్గే చూపిస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి ఎంత జారుతోందో గమనిస్తూ వేస్తే మొద్దుబారిన వేళ్లకూ అదొక కసరత్తు. వంగి వెయ్యలేని రోజు బల్ల మీద నల్ల చార్టు పరిచి వెయ్యి.

డబ్బు మాట. మన దగ్గర ఒక అలవాటు ఉంది, జబ్బు పడి లేచిన ఆడది ఏదైనా చేస్తే, "ఎట్లాగూ ఇంట్లోనే ఉన్నావు కదా, మా పాపకు ఒకటి వేసి ఇవ్వు" అంటారు. మొదటిది ఇవ్వు, ప్రేమగా ఇవ్వు. రెండోదానికి రేటు చెప్పు. సిగ్గుపడొద్దు. కుట్టుకూలి తీసుకున్నప్పుడు సిగ్గుపడలేదు కదా. అట్లాగే, నిన్ను స్టేజి ఎక్కించి "క్యాన్సర్‌ను జయించిన వీరనారి" అని శాలువా కప్పుతామని వస్తారు. పోవాలనిపిస్తే పో, కాని నీ పని పక్కన నీ జబ్బు పేరు రాయనియ్యొద్దు. పాపం అని కొన్నవాళ్లు రెండోసారి రారు. డిజైను బాగుందని కొన్నవాళ్లు చెల్లెలినీ తోడికోడలినీ వెంటబెట్టుకొస్తారు.

ఇవన్నీ చేసినా, రెండు వారాలు దాటి నిద్ర లేక, తిండి సయించక, బతికి ఏం లాభం అన్న ఆలోచనే తిరుగుతుంటే అది బొమ్మలతో పోయేది కాదు. దానికి మందు ఉంది, డాక్టరు ఉన్నారు. 14416 టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు, డబ్బు కట్టే పని లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిచ్చివాళ్లు చేసే ఫోను అని ఎవరైనా అంటే విననట్టు ఊరుకో. చెకప్ తేదీ దగ్గర పడినప్పుడు వచ్చే వణుకు మాత్రం మామూలే, అది నాకు ఇప్పటికీ ఉంది. ఆ వారం కొత్త బొమ్మ మొదలుపెట్టను, పాతవాటికి రంగులు నింపుకుంటా.

నీ చోట నేనుంటే ఇట్లా మొదలుపెడతా. ఇదివరకు నీకు మగ్గం పని ఇచ్చిన షాపు ఏదో ఒకటి ఉంటుంది. అక్కడికి పోయి, "కుట్టలేను, డిజైను కాగితాలు చేసిస్తా" అని అడుగు. ఇప్పుడు చాలామంది కుట్టేవాళ్లు ఫోన్లో దొరికిన డిజైన్లే తిప్పి తిప్పి కుడుతున్నారు, పెళ్లికూతుళ్లకు వాటితో యాష్టొచ్చింది. మెడకు, వీపుకు, చేతులకు కలిపి ఒక సెట్టు కాగితాలకు ఇంత అని మాట్లాడుకో. పొడిచేది సూదే గాని కాగితం మీద కాబట్టి భారం తక్కువ, చేతికి కుదరకపోతే ఆ పొడిచే పని ఇంట్లో పిల్లలెవరికైనా నేర్పు. ముహూర్తాలు మొదలయ్యేలోపు రెండు సెట్లు చేతిలో ఉంటే షాపువాళ్లే ఫోను చేస్తారు. బొమ్మలు, రంగులు, గోడలు అన్నీ తర్వాత నీకు బుద్ధి పుట్టినప్పుడు చూసుకోవచ్చు.

ఆపరేషను ఏ వైపు అయిందో నువ్వు రాయలేదు. పని చేసే చెయ్యీ వాచే చెయ్యీ ఒకటేనా, వేరువేరా? మణికట్టు దాకే వాపా, మోచేతి పైకి కూడా ఉందా? అది చెబితే కాగితం ఏ ఎత్తులో పెట్టుకోవాలి, వాలు బల్ల అవసరమా అన్నది రాస్తా. నా దగ్గర ఒకటి వడ్రంగి చేత చేయించింది ఉంది, దాని కొలతలు కావాలంటే పంపిస్తా.